మరచిపోవడం వేరు, తొలగించడం వేరు: నోడ్.జేఎస్‌లో మాడ్యూల్‌ను కొత్తగా లోడ్ చేయడం

జావాస్క్రిప్ట్ కోడ్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్.జేఎస్ (ఇకపై నోడ్) మీద ఒక బిల్లింగ్ సర్వర్ రోజుల తరబడి ఆగకుండా నడుస్తోందనుకుందాం. ధరలు, పన్ను శాతాలు రేట్స్.జేఎస్ అనే ఫైలులో ఉన్నాయి. బిల్.జేఎస్ ఆ ఫైలును రిక్వైర్ చేసి, అంటే అందులోనివి తనకు తెచ్చుకుని, లెక్క కడుతుంది, సర్వర్.జేఎస్ వచ్చిన ఒక్కో అభ్యర్థనకూ బిల్.జేఎస్‌ను వాడుకుంటుంది. ఎవరో రేట్స్.జేఎస్‌లో ఒక అంకె మార్చి సేవ్ చేశారు. డిస్కు మీద ఫైలు మారింది కానీ సర్వర్ మాత్రం పాత ధరకే బిల్లులు ఇస్తూ పోతుంది. కోడ్‌లో రిక్వైర్‌ను మళ్ళీ పిలిచినా వచ్చేది పాత ధరే. ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ఆ ప్రోగ్రామును, ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప మార్పు కనిపించదు. ఇలా రిక్వైర్ చేసే కోడ్ ఫైలును మాడ్యూల్ అంటారు, ఒకసారి లోడ్ చేసినదాన్ని నోడ్ దాచుకునే చోటును కాష్ అంటారు. ఈ దశలో చాలామంది వెతికేది కాష్‌ను దాటి మాడ్యూల్‌ను కొత్తగా తెచ్చుకునే దారి. ఆ దారి ఉంది, దానిని ఒక్క వరుసలో రాయవచ్చు కూడా. ఆ ఒక్క వరుస చేసే పని ఎంత, చేస్తుందనుకుని చేయని పని ఎంత అన్నదే అసలు చిక్కు.

రిక్వైర్‌కు ఒక పేరు అందగానే నోడ్ ముందుగా దానిని పూర్తి ఫైలు దారిగా మారుస్తుంది. మధ్యలో సింబాలిక్ లింకు (మరో ఫైలును చూపే మారుపేరు) ఉంటే, ప్రత్యేకంగా వద్దని చెప్పనంతవరకు, అసలు ఫైలు ఉన్న చోటిదాకా వెళ్ళి ఆ దారినే లెక్కలోకి తీసుకుంటుంది. తర్వాత ఆ దారినే తాళంచెవిగా చేసుకుని రిక్వైర్.కాష్ అనే ఆబ్జెక్టులో వెతుకుతుంది. దొరికితే అప్పటికే సిద్ధంగా ఉన్న ఎక్స్‌పోర్ట్స్‌ను, అంటే మాడ్యూల్ బయటివారికి ఇచ్చే విలువలను, తిరిగి ఇచ్చేస్తుంది. ఫైలును తెరవదు, అది మారిందో లేదో చూడదు. దొరకకపోతే ఒక మాడ్యూల్ ఆబ్జెక్టును సృష్టించి, ఫైలులోని కోడ్‌ను ఒక ఫంక్షన్‌లో చుట్టి, ఎక్స్‌పోర్ట్స్, రిక్వైర్, మాడ్యూల్, ఫైలు పేరు, ఫోల్డరు పేరు అనే 5 విలువలను ఆ ఫంక్షన్‌కు అందించి నడుపుతుంది. మాడ్యూల్ ఇన్‌స్టాన్స్ అని మనం పిలిచేది నిజానికి ఫైలును కాదు. ఈ ఫంక్షన్ ఒకసారి నడిచినప్పుడు పుట్టిన వేరియబుల్స్‌ను, ఫంక్షన్లను, వాటిని బయటికి చూపే ఎక్స్‌పోర్ట్స్‌ను కలిపి అలా పిలుస్తాం. ఫైలు అచ్చు దిమ్మ వంటిదైతే ఇన్‌స్టాన్స్ దానినుంచి తీసిన ఒక ప్రతి. మామూలుగా ఒక ప్రాసెస్‌లో ఒక దిమ్మనుంచి ఒకే ప్రతి తీస్తారు.

ఇక్కడ ఒక వరుసక్రమం గమనించదగ్గది. నోడ్ కొత్త మాడ్యూల్ ఆబ్జెక్టును కాష్‌లో పెట్టేది కోడ్ నడిపాక కాదు, నడపడానికి ముందే. రెండు మాడ్యూల్స్ ఒకదానినొకటి రిక్వైర్ చేసుకుంటే అంతులేని చుట్టులో పడకుండా, రెండోదానికి మొదటిదాని సగం నిండిన ఎక్స్‌పోర్ట్స్ దొరికేది అందువల్లనే. కోడ్ నడుస్తుండగా ఎర్రర్ వస్తే నోడ్ ఆ నమోదును కాష్‌నుంచి తానే తీసేస్తుంది కనుక తర్వాతి రిక్వైర్ మళ్ళీ మొదటినుంచి ప్రయత్నిస్తుంది.

ఈ కాష్‌ను వేగం కోసం పెట్టిన సౌకర్యంగా చూడడం సహజమే కానీ, ఆ చూపుతోనే పొరపాటు మొదలవుతుంది. 2009లో సర్వర్‌జేఎస్ పేరుతో మొదలై అదే ఏడాది కామన్‌జేఎస్‌గా పేరు మార్చుకున్న ప్రయత్నంనుంచి నోడ్ ఈ మాడ్యూల్ పద్ధతిని తీసుకుంది. అందులో కాష్ చేసే పెద్ద పని గుర్తింపును కాపాడడం. ఒకే దారికి ఒకే ప్రతి అన్న హామీ ఉన్నందువల్లనే డేటాబేస్ కనెక్షన్ పూల్‌ను (తెరిచి ఉంచిన కనెక్షన్ల సమూహాన్ని) ఒక ఫైలులో తయారుచేసి, పాతిక చోట్లనుంచి రిక్వైర్ చేసి, అందరూ ఒకే పూల్‌ను వాడుతున్నారని నిశ్చింతగా ఉండగలుగుతున్నారు. ఒక ఎర్రర్ క్లాసును ఒకచోట నిర్వచించి మరోచోట ఒక ఆబ్జెక్టు ఆ క్లాసుకు చెందిందా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో పోల్చగలగడం కూడా ఈ హామీ పుణ్యమే.

హామీ తప్పినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి కాష్‌ను ఎవరూ చెరపనక్కరలేదు. విండోస్‌లోనో, మ్యాక్‌లో మామూలుగా ఉండే అమరికలోనో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరని ఫైల్ సిస్టమ్ భావించదు. నోడ్ కాష్ మాత్రం భావిస్తుంది. అందుచేత ఒకచోట పేరును చిన్న అక్షరంతోనూ, మరోచోట పెద్ద అక్షరంతోనూ రాస్తే ఒకే ఫైలుకు రెండు ప్రతులు పుడతాయి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లలో ఒకే ప్యాకేజీ రెండు వేర్వేరు లోతుల్లో ఇన్‌స్టాల్ అయినా అంతే. గ్రాఫ్‌క్యూఎల్ లైబ్రరీ ఇలాంటి సందర్భంలో స్కీమా మరో మాడ్యూల్‌నుంచో మరో రెల్మ్‌నుంచో (వేరే గ్లోబల్ ఆబ్జెక్టులున్న పరిసరంనుంచో) వచ్చిందని ఫిర్యాదు చేసి ఆగిపోతుంది. వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ రియాక్ట్ రెండు ప్రతులుగా లోడయితే హుక్‌ను (రియాక్ట్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్‌ను) తప్పుగా పిలిచారంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతను ఈ లైబ్రరీలు ఎర్రర్ సందేశాలుగా రాసుకున్నట్టు ఉంటాయి. కాష్‌ను దాటడమంటే, అనుకోకుండా జరిగితే బగ్ అనిపించుకునే ఇదే స్థితిని కావాలని కొని తెచ్చుకోవడం.

ఒక్క వరుస మంత్రం

కామన్‌జేఎస్‌లో పద్ధతి ప్రసిద్ధమైనదే. రిక్వైర్.రిజాల్వ్‌తో ఫైలు పూర్తి దారిని తెలుసుకుని, రిక్వైర్.కాష్‌లో ఆ దారి పేరిట ఉన్న నమోదును డిలీట్ చేసి, మళ్ళీ రిక్వైర్ చేయాలి. నోడ్ కాష్‌లో వెతికి, దొరకక, ఫైలును మళ్ళీ చదివి, కొత్త ప్రతిని ఇస్తుంది. డిలీట్ చేసేటప్పుడు రిక్వైర్‌లో రాసిన పొట్టి పేరును కాక పూర్తి దారినే వాడాలి. లేని నమోదును డిలీట్ చేసినా జావాస్క్రిప్ట్ కిమ్మనదు కనుక ఈ పొరపాటు చాలాకాలం దాగి ఉండగలదు.

మన బిల్లింగ్ సర్వర్‌లో ఇలా చేశాక ఏమయిందో చూడాలి. రేట్స్.జేఎస్ నమోదును చెరిపి మళ్ళీ రిక్వైర్ చేసినవారి చేతికి కొత్త ధరల ఆబ్జెక్టు వచ్చింది. బిల్.జేఎస్ మాత్రం తాను పుట్టినప్పుడే రేట్స్‌ను రిక్వైర్ చేసి ఒక కాన్‌స్ట్ వేరియబుల్‌లో పెట్టుకుంది. ఆ వేరియబుల్ చూపేది పాత ఆబ్జెక్టునే, కాష్‌లో ఏమి మారినా దానికి తెలియదు. బిల్లులు పాత ధరకే వస్తాయి. సరే అని రేట్స్‌ను వదిలి బిల్.జేఎస్ నమోదును చెరిపితే, కొత్త బిల్.జేఎస్ పుడుతూ రేట్స్‌ను రిక్వైర్ చేసి కాష్‌లో ఉన్న పాత ప్రతినే అందుకుంటుంది. మళ్ళీ పాత ధరే. రెండింటినీ చెరిపితే, సర్వర్.జేఎస్ తన వేరియబుల్‌లో పట్టుకుని ఉన్న బిల్.జేఎస్ పాతది. మారిన ఫైలు ఒక్కటే అయినా, దానినుంచి పైకి, దానిని వాడేవారి మీదుగా ప్రవేశ ఫైలు దాకా ఉన్న గొలుసంతా కొత్తగా పుట్టాలి. లేదా గొలుసులో ఎక్కడో ఒకచోట ఆబ్జెక్టును ముందే పట్టుకోకుండా అవసరమైన ఒక్కోసారీ అడిగి తీసుకునే వ్యవస్థ ఉండాలి.

ఆ పైకి వెళ్ళే దారిని నోడ్ సూటిగా చెప్పదు. ఒక్కో మాడ్యూల్ ఆబ్జెక్టులో చిల్డ్రన్ అనే జాబితా ఉంటుంది కనుక కిందికి దిగడం తేలికే. మాడ్యూల్.పేరెంట్ మొదటగా రిక్వైర్ చేసిన ఒక్కరి పేరే చెబుతుంది, పైగా వెర్షన్ 14.6నుంచి దానిని వాడవద్దంటున్నారు. ఎవరెవరు తనను వాడుతున్నారో తెలియాలంటే కాష్ అంతటా తిరిగి చిల్డ్రన్ జాబితాలను తిరగేసి పటం గీసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే కోడ్ తునకలు కొన్ని కిందికి దిగి పిల్లలనన్నింటినీ చెరుపుతాయి. మారిన ఫైలు అట్టడుగున ఉన్నప్పుడు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేక దిశ. పిల్లలనన్నింటినీ చెరపడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. దారిలో డేటాబేస్ పూల్ ఉన్న మాడ్యూల్ ఉంటే దానికీ కొత్త ప్రతి పుట్టి, పాత పూల్ కనెక్షన్లు తెరుచుకుని ఉండగానే కొత్త పూల్ మరికొన్నిటిని తెరుస్తుంది.

పాత ప్రతి ఎక్కడికీ పోదు

కాష్‌నుంచి డిలీట్ చేస్తే మాడ్యూల్ తొలగిపోతుందన్న భావన ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా ఖరీదైన అపోహ. డిలీట్ చేసేది నమోదును. దానివల్ల నోడ్ ఆ మాడ్యూల్‌ను మరచిపోతుందే తప్ప మాడ్యూల్ మెమరీనుంచి పోదు. జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్టు పోవాలంటే దానిని పట్టుకున్న చేతులన్నీ వదలాలి. ఆ చేతులు చాలా ఉంటాయి.

మొదటిది చిల్డ్రన్ జాబితా. రిక్వైర్ చేసిన తల్లి మాడ్యూల్ తన జాబితాలో బిడ్డను నమోదు చేసుకుంటుంది. కాష్‌లో చెరిపినంత మాత్రాన ఆ జాబితాలోనుంచి పోదు. మళ్ళీ రిక్వైర్ చేస్తే కొత్త బిడ్డ పాత బిడ్డ పక్కన చేరుతుంది. నిమిషానికొకసారి ఇలా చేసే సర్వర్‌లో ఒక రోజుకు 1,440 పాత ప్రతులు, అవి పట్టుకున్న సమస్తంతో సహా, పోగుపడతాయి. హీప్ స్నాప్‌షాట్ (మెమరీలో ఉన్న ఆబ్జెక్టుల జాబితా) తీసి చూస్తే ఒకే ఫైలు పేరుతో మాడ్యూల్ ఆబ్జెక్టులు బారులు తీరి కనిపిస్తాయి. సిండ్రె సోర్హస్ రాసిన ఇంపోర్ట్-ఫ్రెష్ అనే చిన్న లైబ్రరీ కాష్ నమోదుతోపాటు తల్లి చిల్డ్రన్ జాబితాలోనుంచి కూడా పాత ప్రతిని తీసివేసేది ఈ కారణంగానే. చేతితో రాసుకున్న ఒక్క వరుసకూ ఆ లైబ్రరీకీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. అయితే అది అడిగిన ఒక్క మాడ్యూల్‌నే కొత్తగా తెస్తుంది, దాని కింది మాడ్యూల్స్ పాతవే ఉంటాయి.

రెండో రకం చేతులు మాడ్యూల్ తనంతట తాను బయటి ప్రపంచంలో వేసిన కొక్కేలు. రేట్స్.జేఎస్ పైభాగంలో ఒక పనిని పదేపదే చేయించే సెట్‌ఇంటర్వల్ ఒకటి ఉంటే, ఆ టైమర్ పాత ప్రతి వేరియబుల్స్‌ను పట్టుకుని నడుస్తూనే ఉంటుంది. కొత్త ప్రతి ఇంకో టైమర్‌ను మొదలుపెడుతుంది. ప్రాసెస్ ఆబ్జెక్టు మీద లిజనర్ (ఒక సంఘటన జరిగినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టిన మాడ్యూల్‌ను పదేపదే లోడ్ చేస్తే, ఒకే సంఘటనకు లిజనర్లు 10 దాటగానే లీక్ అనుమానం ఉందని నోడ్ హెచ్చరిక ముద్రిస్తుంది. ఆ హెచ్చరికను చూసి పరిమితిని పెంచేసి ఊరుకునేవారు తక్కువేమీ కాదు. జ్వరం వస్తే థర్మామీటరు మార్చినట్టుంటుంది అది.

మూడో రకం చిత్రంగా ఉంటుంది. ఇక్కడ ఇబ్బంది పెట్టేది పాత ప్రతి కాదు, కొత్తగా పుట్టని పొరుగు. మోంగోడీబీ డేటాబేస్‌తో పనిచేయడానికి వాడే మోంగూస్‌లో ఒక ఫైలు యూజర్ అనే మోడల్‌ను నమోదు చేస్తుంది. ఆ ఫైలును కొత్తగా లోడ్ చేస్తే అది మళ్ళీ అదే పేరుతో నమోదు చేయబోతుంది. మోంగూస్ లైబ్రరీ మాత్రం పాతదే కనుక, ఒకసారి కంపైల్ అయిన మోడల్ మీద మళ్ళీ రాయకూడదని ఎర్రర్ ఇస్తుంది. దీనికి అద్దంలో బొమ్మలాంటిది ప్రిస్మా అనే డేటాబేస్ లైబ్రరీ సమస్య. నెక్స్ట్.జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ డెవలప్‌మెంట్ మోడ్‌లో ఫైళ్ళు మళ్ళీ మళ్ళీ లోడవుతుంటే క్లయింట్ ఆబ్జెక్టులు ఒకదాని తర్వాత ఒకటి పుట్టి డేటాబేస్ కనెక్షన్లను తినేస్తాయి. దీనికి ప్రిస్మా వారు సూచించే ఉపాయం క్లయింట్‌ను గ్లోబల్‌దిస్ (ప్రోగ్రాం అంతటికీ ఉమ్మడి ఆబ్జెక్టు) మీద దాచి, అక్కడ ఉంటే దానినే వాడుకోవడం. అంటే మాడ్యూల్ కాష్ ఇచ్చే హామీని ఒకచేత్తో తెంచి, మరోచేత్తో గ్లోబల్ ఆబ్జెక్టులో అదే హామీని తిరిగి కట్టుకోవడం. వినడానికి వింతగా ఉన్నా ఇది తెలివైన పనే. ఏది కొత్తగా పుట్టాలి, ఏది బతికి ఉండాలి అన్న గీతను రాసేవారు కళ్ళు తెరిచి గీశారన్నమాట.

ఇంకొక చిన్న సంగతి. ఫైలును కొత్తగా చదివినా నోడ్ లోపలి ఇతర జ్ఞాపకాలు అలాగే ఉంటాయి. ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్.జేసన్‌ను నోడ్ ఒకసారి చదివి గుర్తుంచుకుంటుంది. అందులోని ఎక్స్‌పోర్ట్స్ పట్టికను మార్చి రిక్వైర్.కాష్‌ను ఎంత చెరిపినా పాత దారే పడుతుంది.

విఫలమైన లోడింగ్ విషయం కూడా ముందే ఆలోచించుకోవాలి. ఎడిటర్‌లో ఒకరు సగం రాసి సేవ్ చేసిన క్షణంలో రీలోడ్ జరిగితే, పాత నమోదు చెరిగిపోయి ఉంటుంది, కొత్త కోడ్ సింటాక్స్ ఎర్రర్‌తో కూలిపోతుంది, కాష్‌లో ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. అప్పటికే పాతదాన్ని పట్టుకున్నవారికి పని సాగుతుంది. కొత్తగా అడిగినవారికి మాత్రం ఎర్రర్ వస్తుంది. చెరపడానికి ముందు పాత మాడ్యూల్ ఆబ్జెక్టును ఒక వేరియబుల్‌లో ఉంచుకుని, లోడింగ్ విఫలమైతే దానినే రిక్వైర్.కాష్‌లో తిరిగి పెట్టడం రెండు మూడు వరుసల పని. నడుస్తున్న సర్వర్‌లో ఈ జాగ్రత్త లేకుండా రీలోడ్‌ను వదలకూడదు.

ఇంపోర్ట్‌లో తలుపే లేదు

రిక్వైర్‌కు బదులు ఇంపోర్ట్ వాక్యంతో నడిచే ఈఎస్ మాడ్యూల్స్ 2015 నాటి జావాస్క్రిప్ట్ భాషా ప్రమాణంలో వచ్చాయి. నోడ్‌లో ఫ్లాగ్ అవసరం లేకుండా వాడుకలోకి వచ్చింది 13.2తోనూ, దీర్ఘకాలిక మద్దతు ఉన్న శాఖలో 2020లో వెలువడిన 12.17తోనూ. వీటి కాష్ వేరు. రిక్వైర్.కాష్‌లో ఇవి కనిపించవని అనుకుని మొదలుపెట్టడమే మంచిది, చెరపడానికి బహిరంగమైన ఏపీఐ కూడా ఏదీ లేదు. ఇది నోడ్ బృందం మరచిపోయిన పని కాదు. ఒకే మాడ్యూల్‌నుంచి ఒకే పేరును ఇంపోర్ట్ చేస్తే, అది ఒకసారి సఫలమయ్యాక, ఎన్నిసార్లు అడిగినా అదే మాడ్యూల్ రావాలని భాషా ప్రమాణమే అమలుచేసేవారి మీద షరతు పెట్టింది. కామన్‌జేఎస్‌లో సంప్రదాయంగా ఉన్నది ఇక్కడ చట్టమయింది.

చట్టంలో ఒక సందు ఉంది. ఈ కాష్‌లో తాళంచెవి ఫైలు దారి కాదు, యూఆర్‌ఎల్. ఫైలు పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదైనా కొత్త విలువ తగిలిస్తే అది వేరే యూఆర్‌ఎల్ అవుతుంది, నోడ్ అదే ఫైలును మళ్ళీ చదివి కొత్త ప్రతిని తీస్తుంది. డైనమిక్ ఇంపోర్ట్‌లో ప్రస్తుత సమయాన్ని మిల్లీసెకన్లలో తగిలించే అలవాటు ఇక్కడినుంచే వచ్చింది. దీనిని కాష్‌ను చెరపడమనడం కూడా తప్పే. పాత యూఆర్‌ఎల్ నమోదు చెక్కుచెదరకుండా ఉండగా పక్కన ఇంకొకటి చేరింది. పాతదాన్ని తీసే మార్గం లేనందువల్ల ప్రాసెస్ బతికి ఉన్నంతకాలం ఆ ప్రతులన్నీ బతికే ఉంటాయి. కామన్‌జేఎస్‌లో జాగ్రత్తపడితే ఆపగలిగే లీక్ ఇక్కడ పద్ధతిలోనే భాగం.

అందుచేత సమయానికి బదులు ఫైలు చివరిసారి మారిన సమయాన్నో, ఫైలులోని సారాన్నిబట్టి లెక్కకట్టిన గుర్తును (హ్యాష్‌నో) తగిలించడం మేలు. అలా చేస్తే ఎన్నిసార్లు అడిగినా ఫైలు మారినప్పుడే కొత్త ప్రతి పుడుతుంది. కోడ్‌లో లోపాలు వెతికే పనిముట్టు ఈఎస్‌లింట్ తన కాన్ఫిగ్ ఫైలును లోడ్ చేసేటప్పుడు చేసేది ఇదే: ఫైలు మారిన సమయాన్ని యూఆర్‌ఎల్‌కు తగిలిస్తుంది, అంతకుముందు చూసిన సమయంతో అది సరిపోలకపోతే రిక్వైర్.కాష్‌లోనుంచి కూడా ఆ ఫైలును చెరుపుతుంది. రెండో పని ఎందుకంటే, కాన్ఫిగ్ ఫైలు కామన్‌జేఎస్‌లో రాసి ఉంటే ఇంపోర్ట్ ద్వారా వచ్చినా అది రిక్వైర్ కాష్‌లోనూ చేరుతుంది. ఆ కాష్‌కు ప్రశ్నార్థకం తర్వాతి భాగం పట్టదు. రెండు మాడ్యూల్ పద్ధతులు ఒకే ప్రాసెస్‌లో కాపురం చేస్తున్నప్పుడు తాజాదనం కోసం రెండు తలుపులూ తట్టాల్సి వస్తుంది.

గొలుసు సమస్య ఇక్కడ ఇంకా బిగుసుకుంటుంది. బిల్ మాడ్యూల్‌ను కొత్త యూఆర్‌ఎల్‌తో తెచ్చినా, దాని మొదటి వరుసలో రేట్స్‌ను ఇంపోర్ట్ చేసే వాక్యంలో ఏ ప్రశ్నార్థకమూ లేదు, అది పాత రేట్స్‌కే అతుక్కుంటుంది. ఈఎస్ మాడ్యూల్స్‌లో దిగుమతి చేసుకున్న పేర్లు సజీవ బంధాలని చెబుతారు. ఎగుమతి చేసిన మాడ్యూల్ తన వేరియబుల్‌ను మారిస్తే దిగుమతి చేసుకున్నచోట ఆ మార్పు కనిపిస్తుందన్నది నిజమే. కానీ ఆ బంధం ఒక నిర్దిష్ట ప్రతితో. పక్కన కొత్త ప్రతి పుట్టినంత మాత్రాన బంధం దానివైపు మళ్ళదు. గొలుసంతటికీ తాజాదనం కావాలంటే పేర్లను యూఆర్‌ఎల్‌లుగా మార్చే దశలో జోక్యం చేసుకునే హుక్ రాసి, తల్లి యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాతి విలువను పిల్లలకూ తగిలించాలి. దీనికోసం నోడ్ 20.6లో మాడ్యూల్.రిజిస్టర్, 23.5లో మాడ్యూల్.రిజిస్టర్‌హుక్స్ వచ్చాయి. చేయగల పనే. కాకపోతే అది చేసే సమయానికి ఒక చిన్న బండ్లర్‌ను (ఫైళ్ళను కలిపికట్టే పనిముట్టును) రాస్తున్నామని తెలిసిపోతుంది.

ఇంకో తేడా ఎర్రర్ల దగ్గర ఉంది. కామన్‌జేఎస్‌లో విఫలమైన మాడ్యూల్ కాష్‌నుంచి తొలగి మరో అవకాశం ఇస్తుంది. ఈఎస్ మాడ్యూల్ కోడ్ నడుస్తుండగా ఎర్రర్ వస్తే ఆ ఎర్రరే మాడ్యూల్‌తోపాటు నిలిచిపోయి, అదే యూఆర్‌ఎల్‌ను మళ్ళీ ఇంపోర్ట్ చేసినవారికి మళ్ళీ అదే వస్తుంది. నెట్‌వర్క్ ఒక్క క్షణం తెగినందుకు టాప్ లెవెల్ అవెయిట్ (ఫైలు పైస్థాయిలోనే జవాబు కోసం ఆగే వాక్యం) దగ్గర కూలిన మాడ్యూల్, నెట్‌వర్క్ తిరిగి వచ్చినా కోలుకోదు.

టెస్టుల్లో

కొత్త ప్రతి కోరిక ఎక్కువగా వినిపించేది టెస్టుల దగ్గరే. ఒక మాడ్యూల్ పైభాగంలోనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదివి స్థిరపరచుకుంటుంది, టెస్టు రాసేవారికి రెండు వేర్వేరు విలువలతో పరీక్షించాలని ఉంటుంది. టెస్టులు నడిపే పనిముట్టు జెస్ట్‌లో రిక్వైర్.కాష్‌ను డిలీట్ చేస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. జెస్ట్ నోడ్ మాడ్యూల్ పద్ధతిని పక్కనపెట్టి సొంత రిజిస్ట్రీని నడుపుతుంది, టెస్టుకు కనిపించే రిక్వైర్.కాష్ ఒక ముసుగు మాత్రమే. అక్కడ వాడాల్సింది రీసెట్‌మాడ్యూల్స్, లేదా ఒక ఫంక్షన్ పరిధికి మాత్రమే వేరు రిజిస్ట్రీ ఇచ్చే ఐసొలేట్‌మాడ్యూల్స్. నోడ్ సొంత టెస్ట్ రన్నర్ ఇంకా సూటిగా, మామూలుగా ఒక్కో టెస్టు ఫైలును ఒక్కో ప్రాసెస్‌లో నడుపుతుంది.

అయితే ఇటువంటి టెస్టుల్లో చాలా సందర్భాల్లో లోపం కాష్‌లో ఉండదన్నది ఒప్పుకోవాలి. మాడ్యూల్ లోడవగానే పని మొదలుపెట్టకుండా, సెట్టింగులను తీసుకుని ఆబ్జెక్టును తయారుచేసి ఇచ్చే ఒక ఫంక్షన్‌ను ఎగుమతి చేస్తే, ఎన్ని కొత్త ప్రతులు కావాలంటే అన్నిసార్లు ఆ ఫంక్షన్‌ను పిలవవచ్చు. పాతవి ఎవరూ పట్టుకోకపోతే చెత్త సేకరణలో వాటంతట అవే పోతాయి. కాష్‌తో కుస్తీ ఇతరుల ప్యాకేజీలకు, మార్చడానికి వీల్లేని కోడ్‌కు పరిమితం కావాలి.

నోడ్‌లో ఉన్న వీఎం మాడ్యూల్‌తో కొత్త కాంటెక్స్ట్ (వేరే గ్లోబల్ ఆబ్జెక్టులున్న పరిసరం) సృష్టించి అందులో కోడ్ నడపడం మరో దారి. అక్కడ అర్రే, ఎర్రర్ వంటి మూల క్లాసులే వేరు. లోపలినుంచి వచ్చిన ఎర్రర్‌ను బయటి ఎర్రర్ క్లాసుతో ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పెట్టి చూస్తే కాదని జవాబు వస్తుంది. జెస్ట్ వాడేవారిని అప్పుడప్పుడూ తికమకపెట్టేది ఇదే. వీఎం భద్రతా ఏర్పాటు కాదని నోడ్ పత్రాలే స్పష్టంగా చెబుతున్నాయి కనుక, బయటివారి ప్లగిన్లను కట్టడి చేయడానికి దీనిమీద ఆధారపడకూడదు.

ముగింపు లేని మాడ్యూల్

ఇదంతా ఇంత చిక్కుగా ఉండడానికి మూలం ఎక్కడుందో ఎర్లాంగ్‌తో పోలిస్తే తెలుస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను ఆపకుండా కోడ్ మార్చాల్సిన అవసరంనుంచి ఎదిగిన ఆ భాషలో ఒక మాడ్యూల్‌కు ప్రస్తుత సంచిక, పాత సంచిక అని రెండు ఒకేసారి ఉండవచ్చు. మూడోది వస్తే అన్నింటికన్నా పాతదాన్ని తీసేస్తారు, అందులో ఇంకా తచ్చాడుతున్న ప్రాసెస్‌లను ముగించేస్తారు. పాతది ఎప్పుడు చావాలో ఆ భాషకు తెలుసు. నోడ్‌లో మాడ్యూల్‌కు పుట్టుక ఉంది కానీ చావు అనే ఘట్టమే రాసిలేదు. ఫైలు లోడయినప్పుడు నడిచే కోడ్ ఉంది, వదిలేస్తున్నప్పుడు నడవాల్సిన కోడ్‌కు చోటు లేదు.

వెబ్‌ప్యాక్, వీట్ వంటి పనిముట్లు పూరించింది ఈ ఖాళీనే. మార్పును ఎక్కడ అంగీకరించాలో యాక్సెప్ట్‌తో, పాతది పోయేముందు టైమర్లను ఆపి కనెక్షన్లను మూయడానికి డిస్పోజ్‌తో చెప్పుకునే వీలు అవి కల్పించాయి. వీట్ సర్వర్ వైపు కూడా మాడ్యూల్స్ పటాన్ని తానే ఉంచుకుని, ఒక ఫైలు మారితే దానిని వాడేవారిని కూడా వెతికి చెల్లనివిగా గుర్తిస్తుంది. నోడ్ కాష్‌తో పోట్లాడకుండా దానిని చుట్టి వెళ్ళే దారి పట్టిందన్నమాట. నోడ్ లాంటిదే అయిన బన్ రిక్వైర్.కాష్‌ను రెండు మాడ్యూల్ పద్ధతులకూ అందుబాటులో ఉంచి, హాట్ అనే మోడ్‌లో గ్లోబల్ స్థితిని నిలిపి మాడ్యూల్స్‌ను మళ్ళీ నడుపుతుంది. నోడ్ మాత్రం 18.11లో వాచ్ సౌకర్యాన్ని తెచ్చినప్పుడు మాడ్యూల్స్‌ను మార్చే జోలికే పోలేదు. ఫైలు మారగానే ప్రాసెస్ మొత్తాన్ని తిరిగి మొదలుపెడుతుంది. నోడ్‌మాన్ అనే పనిముట్టు ఏళ్ళ తరబడి చేస్తున్నది కూడా అదే. లోపలి గుట్టు తెలిసిన బృందం ఎంచుకున్న దారి ఇదని గమనిస్తే చాలు.

ప్రాసెస్‌ను ఆపలేని చోట, పాతదాన్ని నిజంగా చంపగలిగే అతి చిన్న పరిధి వర్కర్ థ్రెడ్, అంటే అదే ప్రాసెస్‌లో పక్కన విడిగా నడిచే పనిధార. ఒక్కో వర్కర్‌కు సొంత వీ8 ఐసొలేట్ (జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజిన్‌లో వేరుపడ్డ గది), సొంత మాడ్యూల్ కాష్ ఉంటాయి. ఫైలు మారితే కొత్త వర్కర్‌ను మొదలుపెట్టి, అది సిద్ధమయ్యానని చెప్పాక కొత్త అభ్యర్థనలను దానివైపు మళ్ళించి, పాతది చేతిలో ఉన్న పని ముగించాక టెర్మినేట్ చేస్తే, టైమర్లు, లిజనర్లు, వందల ప్రతులు అన్నీ ఒక్క వేటుకు పోతాయి. కొత్త కోడ్ లోపంతో ఉండి వర్కర్ లేవకపోతే పాతది అలాగే కొనసాగుతుంది కనుక విఫలమైన లోడింగ్ బెడద కూడా ఉండదు. సీ++లో రాసిన నేటివ్ యాడాన్లు మాత్రం అనేక కాంటెక్స్ట్‌లలో లోడ్ కావడానికి వీలుగా రాసినవై ఉండాలి.

ధర చెల్లించాల్సింది సరిహద్దు దగ్గర. వర్కర్‌కూ ప్రధాన థ్రెడ్‌కూ మధ్య సందేశాలుగా విలువలు వెళ్ళగలవు కానీ ఫంక్షన్లు వెళ్ళలేవు. బిల్.జేఎస్‌ను వర్కర్‌లో పెడితే అది ఇచ్చే లెక్క ఫంక్షన్‌ను సర్వర్.జేఎస్ నేరుగా పిలవలేదు, వస్తువుల జాబితా పంపి మొత్తం కోసం ఎదురుచూడాలి. రేట్స్.జేఎస్‌లో ఫంక్షన్లే లేవు. అందులో ఉన్నవి ధరలు, పన్ను శాతాలు. ఆ అంకెలను ఒక జేసన్ ఫైలులో పెట్టి, రిక్వైర్‌తోనూ ఇంపోర్ట్‌తోనూ కాక, మామూలు ఫైలులా చదివి పార్స్ చేసి, అది మారినప్పుడల్లా ఒక వేరియబుల్‌లో మార్చుకుంటూ, బిల్.జేఎస్ ఒక్కో బిల్లుకూ ఆ వేరియబుల్‌ను అడిగి తీసుకునేలా రాస్తే, ఆ సర్వర్‌లో కాష్‌ను దాటాల్సిన మాడ్యూల్ ఒక్కటీ మిగలదు.